యాంజైనా మందులు వాడుతున్న నాన్నను ఇంట్లో ఎలా చూసుకోవాలి? తిరుపతి, చిత్తూరు వాళ్లు చెప్పండి

భవానీనగర్_అమ్మాయి · ఉదయం 6:50

అందరికీ నమస్కారం. నాన్నకు 66 ఏళ్లు. ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరయ్యారు. మేడ మెట్లెక్కితే ఛాతీ బిగబట్టినట్టు అవడం, కాసేపు నిలబడితే తగ్గడం చాలాకాలంగా ఉంది. గుండెకు రక్తం చాలక వచ్చే నొప్పి, దీన్నే యాంజైనా అంటారన్నారు. యాంజియోగ్రామ్ చేసి, స్టెంటు ఇప్పుడే అక్కర్లేదు, మందులతో చూద్దామన్నారు. డిశ్చార్జి రోజు ఒక కాగితం చేతిలో పెట్టి "అన్నీ రాసి ఉన్నాయమ్మా" అన్నారు. రాసి ఉన్నమాట నిజమే, చదవగలిగితే కదా! ఆసుపత్రి పేరు ఇక్కడ వద్దు. చివరికి మందుల షాపు ఆయనే చదివి పెట్టారు: మెటోప్రొలాల్ ఉదయం, ఐసోసార్బైడ్ మోనోనైట్రేట్ 20 రెండు పూటలా, యాస్పిరిన్ 75, రాత్రికి అటోర్వాస్టాటిన్, నొప్పి వస్తే నాలుక కింద సార్బిట్రేట్ 5.

ఇప్పుడు నా బాధలు. మోనోనైట్రేట్ వేసుకున్న అరగంటకు తల పగిలిపోతోందంటారు. ఆ మాత్ర మింగినట్టే మింగి తమలపాకుల డబ్బాలో దాస్తున్నారని అమ్మ కనిపెట్టింది. రెండో పూట మాత్ర రాత్రి 9కి వేస్తున్నాం. అయినా మధ్యాహ్నాలు నడిస్తే నొప్పి వస్తూనే ఉంది. అన్నిటికంటే పెద్దది, అలిపిరి మెట్లెక్కి కొండకు వస్తానని మొక్కుకున్నారట. "నాలుక కింద మాత్ర జేబులో ఉంటే భయమెందుకు?" అంటున్నారు. ఎలా ఆపాలో తెలియడం లేదు.

మందులషాపు_తమ్ముడు · ఉదయం 7:15

అక్కా, ఆ మాత్రకు తలనొప్పి మామూలే. రోజూ ఇద్దరు ముగ్గురు వచ్చి "ఇది పడటం లేదు, వేరేది ఇవ్వు" అంటారు. పారాసిటమాల్ వేసి చూడండి, మానేయవద్దు. మీ నాన్నగారు మోకాళ్ల నొప్పులకు డైక్లోఫెనాక్ లాంటివి కొనుక్కుంటున్నారేమో కూడా కనుక్కోండి. గుండెకు మందులు వాడుతున్నామని చెప్పకుండా స్ట్రిప్పు చూపించి అడిగి తీసుకుపోయేవాళ్లు మా దగ్గర చాలామంది. ఆ మాత్రలు గుండె జబ్బు ఉన్నవాళ్లకు మంచివి కావు. యాస్పిరిన్‌తో కలిస్తే కడుపులో రక్తస్రావం అయ్యే ముప్పు కూడా ఉంది.

స్వర్ణముఖి_ఒడ్డు · ఉదయం 7:40

మా పెద్దనాన్నకు ఇదే జబ్బు. తెల్లమద్ది చెక్క కషాయం పెట్టుకుని తాగుతున్నారు. ఇంగ్లీషు మందులన్నీ సగానికి తగ్గించారు. ఒకసారి ఆలోచించండి.

నైట్‌డ్యూటీ_సిస్టర్ · ఉదయం 8:30

ఇప్పుడే డ్యూటీ దిగి వచ్చాను, ఈ చర్చ చూశాక నిద్ర పట్టేలా లేదు. నేను తిరుపతిలో గుండె జబ్బుల వార్డులో స్టాఫ్ నర్సును. భవానీనగర్ అమ్మాయీ, మీ సమస్యలన్నీ చుట్టాలే.

తలనొప్పి. మోనోనైట్రేట్, సార్బిట్రేట్ రెండూ నైట్రేట్ రకం మందులే. నైట్రేట్ రక్తనాళాలను వదులు చేస్తుంది. గుండెవి వదులై తలవి మాత్రం బిగుసుకుని ఉండాలంటే కుదరదు కదా. చాలామందికి కొద్ది రోజుల్లో, మహా అయితే ఒకటి రెండు వారాల్లో తగ్గిపోతుంది. ఈలోగా పారాసిటమాల్ వేయవచ్చు. అప్పటికీ తట్టుకోలేకపోతే డాక్టరు మోతాదు తగ్గించి మెల్లగా పెంచుతారు. ఆ పని డాక్టరుది, తమలపాకుల డబ్బాది కాదు. నాన్నగారిని కోప్పడకండి. "తలనొప్పి వస్తుంది, కొన్నాళ్లకు పోతుంది" అని డిశ్చార్జి రోజు ఎవరైనా ఒక్క మాట చెప్పి ఉంటే ఆయన దాచేవారు కాదు.

ఇక వేళలు. మీ మధ్యాహ్నం నొప్పికి కారణం ఇక్కడే ఉండవచ్చు. "రెండు పూటలా" అంటే మనవాళ్లు పొద్దున, రాత్రి అనుకుంటారు. 20 మోనోనైట్రేట్ మామూలు మాత్ర అయితే వేళలు అవి కావు. ఉదయం 8కి ఒకటి, మధ్యాహ్నం 3కి ఒకటి. మధ్యలో 7 గంటలే. అక్కడినుంచి మర్నాడు ఉదయం దాకా ఏమీ ఉండదు. నైట్రేట్ రోజంతా ఒంట్లో ఉంటే శరీరం దానికి అలవాటుపడిపోతుంది. కొత్త అల్లుడికి జరిగే మర్యాద ఇల్లరికపు అల్లుడికి జరగదు, ఇదీ అంతే. రోజులో 10 నుంచి 14 గంటలు నైట్రేట్ లేని సమయం ఉండాలి. చర్మానికి అంటించే ప్యాచ్ అయితే దాన్ని కూడా రాత్రికి తీసేయిస్తాం. ఎక్కువసేపు పనిచేసే రకం మాత్ర అయితే ఉదయం ఒకసారే ఇస్తారు. కాబట్టి స్ట్రిప్పు వెనక ఏముందో చూసి, డాక్టరుకు ఫోను చేసి, వేళ మార్చమంటారా అని అడగండి. నొప్పి ఎక్కువగా రాత్రిపూట వచ్చేవాళ్లకు ఆ ఖాళీని పగటికి జరుపుతారు కూడా. అందుకే మీరే మార్చేయకండి.

స్వర్ణముఖి అన్నగారూ, తెల్లమద్ది మీద నాకు కోపం లేదు. మీ పెద్దనాన్నగారు సగానికి తగ్గించిన వాటిలో మెటోప్రొలాల్, అటినొలాల్, బైసొప్రొలాల్ లాంటిది ఉందా? ఉంటే ఈరోజే డాక్టరుకు చెప్పండి. ఇవి బీటా బ్లాకర్లు, అంటే గుండె వేగం తగ్గించే మందులు. బీటా బ్లాకర్‌ను ఉన్నట్టుండి ఆపితే అణిగి ఉన్న గుండె వేగం ఒక్కసారిగా పైకి లేస్తుంది. నొప్పి ముందుకంటే ఎక్కువగా వస్తుంది, గుండెపోటు కూడా రావచ్చు. ఆపవలసి వస్తే వారం, రెండు వారాలు తీసుకుని మెట్టు మెట్టుగా దింపుతారు. ఊరెళ్లి మందులు అయిపోయి నాలుగు రోజులు మానేసినవాళ్లు సంక్రాంతి తర్వాత మా వార్డుకు వస్తుంటారు.

మెట్ల సంగతి సాయంత్రం రాస్తాను. దానికి ఓపిక కావాలి.

రిటైర్డ్_కెమిస్ట్రీ · ఉదయం 9:20

సిస్టర్ గారు చెప్పిన అలవాటు సంగతి పేలుడు పదార్థాల కర్మాగారాల్లోనూ కనబడింది. నైట్రోగ్లిజరిన్‌తో పనిచేసే కార్మికులకు సోమవారం పొద్దున భరించలేని తలనొప్పి వచ్చేది. వారం గడిచేకొద్దీ తగ్గేది. ఆదివారం సెలవు తీసుకుని వస్తే సోమవారం మళ్లీ మొదలు. సెలవు రోజుల్లో ఛాతీ నొప్పి వచ్చినవాళ్లూ ఉన్నారు. అదే పదార్థాన్ని యాంజైనాకు మందుగా వాడవచ్చని విలియం మరెల్ అనే బ్రిటిష్ వైద్యుడు 1879లో లాన్సెట్ పత్రికలో రాశారు. డైనమైట్ కనిపెట్టిన ఆల్‌ఫ్రెడ్ నోబెల్‌కు చివరి రోజుల్లో డాక్టర్లు రాసిచ్చింది కూడా నైట్రోగ్లిజరినే. ఇది విధి ఆడిన ఎగతాళి కాదా అని ఆయన 1896లో ఒక ఉత్తరంలో వాపోయారు. ఈ మందు నైట్రిక్ ఆక్సైడ్‌గా మారి నాళాలను వదులు చేస్తుందని తేల్చిన పరిశోధనలకు 1998లో ఇచ్చిందీ నోబెల్ బహుమతే.

కొర్లగుంట_బాబాయ్ · ఉదయం 9:34

మాస్టారూ, ఆ అమ్మాయి నాన్న గురించి అడిగితే మీరు డైనమైట్ గురించి చెబుతున్నారు.

నైట్‌డ్యూటీ_సిస్టర్ · ఉదయం 9:41

చెప్పనివ్వండి బాబాయ్. ఆ సోమవారం కథ చెబితే రాత్రి మాత్ర ఎందుకు వద్దో పేషెంట్లకు ఒక్క నిమిషంలో ఎక్కుతుంది. ఇకపై నేనూ వాడుకుంటాను. ఇక పడుకుంటాను.

జీఎన్ఎం_మూడో_ఏడు · మధ్యాహ్నం 12:10

నేను చిత్తూరులో నర్సింగ్ చదువుతున్నాను. సిస్టర్, ఒక సందేహం. బీటా బ్లాకర్ ఇచ్చే ముందు పల్స్ చూడాలి, 60 కంటే తక్కువ ఉంటే ఇవ్వకుండా డాక్టరుకు చెప్పాలి అని పుస్తకంలో ఉంది. పోయిన వారం వార్డులో ఒక తాతగారికి 56 ఉంది. నేను మాత్ర ఆపాను. సీనియర్ సిస్టర్ వచ్చి "ఇవ్వు" అన్నారు. ఎవరు కరెక్టు?

చంద్రగిరి_కోడలు · మధ్యాహ్నం 1:05

నాదీ ఒక ప్రశ్న. మా అత్తగారికి షుగరు, బీపీ, యాంజైనా మూడూ ఉన్నాయి. ఆమెకు ఛాతీలో నొప్పి అని ఏనాడూ రాలేదు. బావి దగ్గరనుంచి రెండు బిందెలు తెచ్చేసరికి దవడ లాగుతుంది, ఆయాసం వస్తుంది. "గ్యాస్" అనుకుని చాలాకాలం వాము నీళ్లు తాగారు. ఇప్పుడు బీపీకి, యాంజైనాకు ఆమ్లోడిపిన్ మాత్ర మొదలుపెట్టాక సాయంత్రానికి రెండు చీలమండలూ వాచి మెట్టెలు బిగుసుకుపోతున్నాయి. ఊళ్లో చూపిస్తే నీరు పోయే మాత్ర రాసిచ్చారు. వాపు పోలేదు, రాత్రంతా లేవడమే మిగిలింది.

ఉచిత_సలహా · మధ్యాహ్నం 1:30

ఇంతకంటే ముఖ్యమైనది చెబుతాను. ప్రతి ఇంట్లో సార్బిట్రేట్ స్ట్రిప్పు ఒకటి పెట్టుకోండి. ఎవరికి ఛాతీ నొప్పి వచ్చినా వెంటనే నాలుక కింద పెట్టేయండి. ప్రాణం నిలుస్తుంది. అందరికీ పంపండి.

పేరు_వద్దు · మధ్యాహ్నం 2:15

సిస్టర్ గారూ, ఇది ఇక్కడ అడగవచ్చో లేదో తెలియదు. నేను కూడా మోనోనైట్రేట్ వాడుతున్నాను, 54 ఏళ్లు. ఆ విషయానికి సంబంధించిన మాత్రలు, మీకు అర్థమయ్యే ఉంటుంది, వాడవచ్చా? డాక్టరు గారి గదిలో ఎప్పుడూ నలుగురు ఉంటారు. అడగలేకపోయాను.

నైట్‌డ్యూటీ_సిస్టర్ · సాయంత్రం 4:20

లేచాను. వరుసలో కాకుండా, ఆలస్యమైతే ప్రమాదం ఉన్నవాటికి ముందు చెబుతాను.

పేరు వద్దన్నవారికి: అడిగి మంచి పని చేశారు. అంగస్తంభన కోసం వాడే సిల్డెనాఫిల్, టాడలాఫిల్ లాంటివి నైట్రేట్‌తో కలిస్తే బీపీ పాతాళానికి పడిపోతుంది, ప్రాణం పోవచ్చు. రోజూ నైట్రేట్ వాడేవాళ్లు వాటిని అసలు ముట్టుకోకూడదు. ఎవరైనా వేసుకుని ఉంటే, సిల్డెనాఫిల్ తర్వాత 24 గంటలు, టాడలాఫిల్ తర్వాత 48 గంటలు నాలుక కింద మాత్ర కూడా పెట్టకూడదు. ఛాతీ నొప్పితో ఆసుపత్రికి వెళితే సిగ్గుపడకుండా ఈ మాట ముందు చెప్పాలి. మీరు డాక్టరును మళ్లీ కలవండి. యాంజైనాకు నైట్రేట్ ఒక్కటే దారి కాదు, మందులు మార్చే వీలుందేమో వారు చూస్తారు. నర్సులకు కూడా ఒక మాట: ఈ ప్రశ్న మనమే అడగాలి, కర్టెన్ లాగి, ఇంట్లోవాళ్లను బయటికి పంపి అడగాలి. కూతురు పక్కన నిలబడి ఉండగా ఏ తండ్రీ చెప్పడు.

ఉచిత సలహా గారూ, ఆ సందేశం దయచేసి ఎవరికీ పంపకండి. సార్బిట్రేట్ అది రాసిచ్చినవాళ్లకే. బీపీ పైఅంకె 90 కంటే తక్కువ ఉన్నవాళ్లకు, గుండె కుడి భాగానికి పోటు వచ్చినవాళ్లకు, ఇప్పుడు చెప్పిన మాత్రలు వేసుకున్నవాళ్లకు అది పెడితే కళ్లు తిరిగి పడిపోతారు. పైగా "మాత్ర పెట్టాం కదా" అని ఇంట్లో కూర్చుంటారు. ఛాతీ నొప్పి మొదటిసారి వచ్చినవాళ్లకు కావలసింది 108, ఈసీజీ.

రాసిచ్చినవాళ్లు వాడే పద్ధతి ఇది. ముందు కూర్చోవాలి. నిలబడి మాత్ర పెట్టుకుని కిందపడి తుంటి ఎముక విరిగినవాళ్లు ఉన్నారు. పూర్తిగా పడుకోవద్దు, గోడకో కుర్చీకో ఆనుకుని కూర్చోవాలి. మాత్ర నాలుక కింద కరగాలి, మింగితే అంత త్వరగా పనిచేయదు. నోరు ఎండిపోయి ఉంటే ఒక గుక్క నీళ్లతో తడిపి అప్పుడు పెట్టాలి. గడియారం చూడాలి. 5 నిమిషాల్లో నొప్పి తగ్గుముఖం పట్టకపోతే, లేదా పెరిగితే, 108కి ఫోను. మూడు మాత్రలు అయ్యాకే ఆసుపత్రి అనే పాత లెక్క పట్టుకుని కూర్చోవద్దు. బండి వచ్చేలోగా 5 నిమిషాలకొకటి చొప్పున మొత్తం 3 వరకూ పెట్టవచ్చు, మనిషి తెలివిగా ఉండి, కళ్లు తిరగకుండా ఉంటేనే. స్కూటరు వెనక కూర్చోబెట్టుకుని రుయా ఆసుపత్రికో స్విమ్స్ ఆసుపత్రికో పరుగెత్తడం వద్దు.

కోడలు గారికి: ఆడవాళ్లకూ, షుగరు ఉన్నవాళ్లకూ నొప్పి ఛాతీలోనే రావాలని లేదు. దవడ, భుజం, వీపు, ఉత్త ఆయాసం, అలసట, ఏదైనా కావచ్చు. పనిచేస్తే రావడం, ఆగితే తగ్గడం అన్నదే గుర్తు. చీలమండల వాపు ఆమ్లోడిపిన్‌తో చాలామందికి వస్తుంది. ఆ వాపు చిన్న రక్తనాళాలు వదులవడం వల్ల వచ్చేది, ఒంట్లో నీరు ఎక్కువై వచ్చేది కాదు. అందుకే నీరు పోయే మాత్రకు సరిగా లొంగదు. మోతాదు తగ్గించడమో, మందు మార్చడమో చేస్తారు. కానీ వాపుతో పాటు బరువు పెరుగుతున్నా, పడుకుంటే ఆయాసం వస్తున్నా అది వేరే సంగతి, వెంటనే చూపించాలి. ఇంకొకటి, ఆమె బీటా బ్లాకర్ కూడా వాడుతున్నారా? వాడుతుంటే షుగరు పడిపోయినప్పుడు వచ్చే గుండెదడ, చేతుల వణుకు కనబడకపోవచ్చు. చెమట మాత్రం పడుతుంది. ఏకాదశి ఉపవాసాలు చేసే అత్తగార్ల విషయంలో ఇది గుర్తుంచుకోండి. ఉన్నట్టుండి చెమట పడితే షుగరు చూడండి.

చంద్రగిరి_కోడలు · సాయంత్రం 4:48

వాడుతున్నారు. ఉపవాసాలూ చేస్తారు. ఈ రాత్రికే ఈ మాటలన్నీ చదివి వినిపిస్తాను. నేను చెబితే వినరు, నర్సమ్మ చెప్పిందంటే వింటారు.

నైట్‌డ్యూటీ_సిస్టర్ · సాయంత్రం 5:05

ఇప్పుడు మన జీఎన్ఎం అమ్మాయికి. నువ్వూ తప్పు కాదు, మీ సీనియరూ తప్పు కాదు. పుస్తకంలోని 60 కొత్తగా నేర్చుకునేవాళ్లకు రక్షణ గీత. కానీ యాంజైనాలో బీటా బ్లాకర్ ఇచ్చేదే గుండె వేగం తగ్గించడానికి. గుండె నెమ్మదిగా కొట్టుకుంటే దానికి ఆక్సిజన్ అవసరం తగ్గుతుంది, దాని సొంత నాళాల్లోకి రక్తం చేరే సమయమూ పెరుగుతుంది. విశ్రాంతిగా ఉన్నప్పుడు 55 నుంచి 60 మధ్య ఉండాలనే డాక్టర్లు చూస్తారు. అంటే మీ తాతగారి 56 మందు సరిగా పనిచేస్తోందనడానికి సాక్ష్యం. కళ్లు తిరగడం, నీరసం, బీపీ తక్కువ ఉండటం, ఈసీజీలో మార్పు లాంటివి లేనప్పుడు కేవలం 56 చూసి ఆపితే మనమే నొప్పిని పిలిచినట్టు. 50 కంటే కిందికి దిగినా, లక్షణాలు ఉన్నా ఆపి చెప్పాలి. వార్డులో చేరగానే "ఈ పేషెంటుకు ఎంతకు ఆపమంటారు?" అని డాక్టరును అడిగి కేస్ షీటులో రాయించుకో. పల్స్ నిమిషం పాటు పూర్తిగా లెక్కపెట్టు. 15 సెకన్లు చూసి నాలుగుతో హెచ్చవేస్తే లయ తప్పిన గుండె దొరకదు.

డిల్టియాజెమ్‌గానీ వెరాపమిల్‌గానీ (ఇవీ గుండె వేగం తగ్గించేవే, వేరే రకం) వాడుతున్నవాళ్లకు కొత్తగా బీటా బ్లాకర్ రాస్తే చేయి ఆగాలి. రెండూ కలిస్తే గుండె వేగం మరీ పడిపోతుంది, గుండెలో విద్యుత్ ప్రసారం ఆగిపోయే ప్రమాదం కూడా ఉంది. అడిగి ఇవ్వు. అలా అడిగిన నర్సును ఏ మంచి డాక్టరూ కసురుకోడు. కసురుకున్నా అడుగు. ఉబ్బసం ఉన్నవాళ్లకు బీటా బ్లాకర్ రాసినప్పుడు కూడా అంతే.

జీఎన్ఎం_మూడో_ఏడు · సాయంత్రం 5:20

సిస్టర్, దీన్ని ప్రింటు తీసి హాస్టల్ గోడకు అంటిస్తాను.

పాకాల_జంక్షన్ · సాయంత్రం 5:50

మా మామ చిత్తూరు నుంచి బెంగళూరుకు మామిడికాయల లోడు వేస్తారు. బీటా బ్లాకర్ ఉబ్బసం వల్ల పడలేదని దాని బదులు ఐవాబ్రాడిన్ అనే మాత్ర ఇచ్చారు. రాత్రిపూట ఎదురు బండి లైటు పడగానే కళ్ల ముందు మెరుపులు, లైటు చుట్టూ వలయాలు కనబడుతున్నాయట. కళ్ల డాక్టరు అంతా బాగుందన్నారు. దిష్టి తీయించాం కూడా.

నైట్‌డ్యూటీ_సిస్టర్ · సాయంత్రం 6:02

దిష్టి కాదు, మాత్రే. ఐవాబ్రాడిన్ గుండె వేగాన్ని నిర్ణయించే కేంద్రం మీద పనిచేస్తుంది. దాన్ని పోలిన ఏర్పాటే కంటి వెనక పొరలోనూ ఉంటుంది. అందుకే చీకట్లో ఒక్కసారిగా వెలుగు పడితే మెరుపులు కనబడతాయి. ఎక్కువగా మొదటి రెండు నెలల్లో వస్తుంది, కంటికి హాని లేదు, చాలామందికి తగ్గిపోతుంది. కానీ లారీ తోలే మనిషికి అది చిన్న విషయం కాదు. డాక్టరుకు ఆయన డ్రైవరని తెలుసా? తెలియకపోతే చెప్పండి. అప్పటిదాకా రాత్రి లోడులు వద్దు. మందులు రాసేటప్పుడు వృత్తి అడగాలి, మన దగ్గర అడిగేది వయసు, ఊరు మాత్రమే.

అలిపిరి_నడక · సాయంత్రం 6:30

అందరూ మెట్ల సంగతి మరిచిపోయినట్టున్నారు. నేను తరచూ కాలినడకన వెళతాను కాబట్టి దారి చెబుతాను. అలిపిరి నుంచి దాదాపు 9 కిలోమీటర్లు, 3,550 మెట్లు. కష్టమంతా మొదట్లోనే, గాలిగోపురం దాకా మెట్లు నిలువుగా ఉంటాయి. అక్కడ దాటితే చాలావరకూ చదును, జింకల పార్కు, తర్వాత రోడ్డు పక్కన నడక. "ఇక అయిపోయింది" అనుకునేటప్పటికి మోకాళ్ల పర్వతం వస్తుంది. కుర్రవాళ్లు కూడా అక్కడ చేతులు మోకాళ్ల మీద పెట్టుకుని ఎక్కుతారు. శ్రీవారి మెట్టు దారి తక్కువే, 2,388 మెట్లు, కానీ అది మొదలునుంచీ చివరిదాకా ఎక్కుడే. గుండె జబ్బు, బీపీ, ఉబ్బసం ఉన్నవాళ్లు నడిచి రావద్దని దేవస్థానం వాళ్లే ఎన్నోసార్లు చెప్పారు.

నైట్‌డ్యూటీ_సిస్టర్ · సాయంత్రం 6:55

ఇదే సాయంత్రం రాస్తానన్నది. నాలుక కింద మాత్రను శ్రమకు కొద్ది నిమిషాల ముందు వేసుకునే పద్ధతి ఉన్నమాట నిజమే. డాక్టరు చెబితే, మేడ ఎక్కేముందు, చన్నీళ్ల స్నానానికి ముందు అలా వాడతారు. అది ఇంట్లో చిన్న పనికి. దాని ప్రభావం గంటా రెండు గంటల్లో తగ్గిపోతుంది, మెట్ల దారి కొన్ని గంటలు పడుతుంది. పైగా ఎండలో చెమటపట్టి ఒంట్లో నీరు తగ్గిన మనిషికి నైట్రేట్ తోడైతే బీపీ పడిపోతుంది. పడిపోయేది మెట్ల మీద. బీటా బ్లాకర్ వల్ల ఆయన గుండె అవసరానికి తగ్గట్టు వేగం పెంచుకోలేదు కూడా. జేబులో మాత్ర ఉంది కదా అన్న ధీమా ఈ జబ్బులో పనికిరాదు.

అయినా "వద్దు" అంటే వినే మనిషిలా లేరు. కండక్టరుగా చేశారంటున్నారు కదా, ఒక మాట చెప్పి చూడండి. అలిపిరి పాదాల మండపం దగ్గర దిగి, మొక్కి, అక్కడినుంచి కొండ బస్సెక్కితే ఆయన సొంత సంస్థ బస్సులోనే స్వామి దగ్గరికి వెళ్లినట్టు. ఎంత నడవవచ్చో, ఎప్పటికి నడవవచ్చో డాక్టరు ట్రెడ్‌మిల్ పరీక్ష చూసి చెబుతారు. రోజూ నొప్పి రానంత దూరం చదునుగా నడవడం మంచిదే. అన్నం తిన్న వెంటనే మాత్రం వద్దు.

గోవిందరాజ_సన్నిధి · రాత్రి 7:25

బస్సులో వెళ్లినా క్యూలో ఒక చిక్కుంది, ఎవరూ చెప్పలేదు. గుడిలోకి ఫోన్లు అనుమతించరు, ముందే డిపాజిట్ చేయాలి. మా అమ్మ మాత్రల అలారం ఫోనులోనే ఉంటుంది. సంచీ కూడా లగేజీ కౌంటర్లో ఇచ్చేశాం. వైకుంఠం కంపార్టుమెంటులో గంటలు గడిచాక మధ్యాహ్నం మాత్ర గుర్తొచ్చింది. ఎక్కడిదీ, సంచీలో ఉంది.

భవానీనగర్_అమ్మాయి · రాత్రి 7:50

అయ్యో, ఇది తట్టనేలేదు. చేతి గడియారం కొనాలి.

నైట్‌డ్యూటీ_సిస్టర్ · రాత్రి 8:05

గడియారం కట్టండి. మధ్యాహ్నం మాత్ర, సార్బిట్రేట్ స్ట్రిప్పు చొక్కా జేబులో, మీ దగ్గర ఇంకో స్ట్రిప్పు. మందుల పేర్లు రాసిన చీటీ కూడా జేబులోనే. ఒక పూట మరిచిపోతే తర్వాత రెండు కలిపి వేయవద్దు. అక్కడ నొప్పి వస్తే మొహమాటపడకుండా సేవకులను పిలవండి, కొండ మీద అశ్విని ఆసుపత్రి ఉంది. ధనుర్మాసంలో వెళితే తెల్లవారుజామున చన్నీళ్ల స్నానం వద్దు, చలికి నాళాలు బిగుసుకుంటాయి.

మాత్రలు ఎక్కడ పెడుతున్నారో కూడా చూడండి. మన మే నెల ఎండల్లో స్కూటరు డిక్కీలో, కారు అద్దం దగ్గర పెట్టిన మాత్ర మీద నమ్మకం పెట్టుకోలేం. స్ట్రిప్పు నుంచి ముందే విడదీసి ప్లాస్టిక్ డబ్బాలో పోయవద్దు. గాజు సీసాలో వచ్చే నైట్రోగ్లిజరిన్ మాత్రలైతే మరీ సున్నితం, గాలీ వెలుతురూ తగిలితే బలం పోతుంది, ఆ సీసాలోనే మూత బిగించి ఉంచాలి. స్ప్రే అయితే నాలుక కింద కొట్టాలి, పీల్చకూడదు. తేదీ దాటిందేమో అప్పుడప్పుడు చూసుకోండి. ఒక్కసారి కూడా వాడని స్ట్రిప్పు ఏళ్ల తరబడి పర్సులో నలుగుతూ ఉంటుంది.

ఇంకో పని, ఇది నా సొంత పిచ్చి అనుకోండి. ఒక నోటు పుస్తకం పెట్టండి. నొప్పి వచ్చిన తేదీ, వేళ, అప్పుడు ఏం చేస్తున్నారు, మాత్ర పెట్టాక ఎంతసేపటికి తగ్గింది. ఓపీలో డాక్టరు "ఎలా ఉంది?" అంటే మనవాళ్లు "పర్లేదు సార్" అని వచ్చేస్తారు. పుస్తకం అలా అనదు. నొప్పి మునుపటికంటే తరచుగా వస్తున్నా, తక్కువ పనికే వస్తున్నా, కూర్చుని ఉన్నప్పుడు వచ్చినా, ఎక్కువసేపు ఉన్నా అది ఇక స్థిరమైన యాంజైనా కాదు. తర్వాతి అపాయింట్‌మెంటు దాకా ఆగకుండా అప్పుడే వెళ్లాలి. యాస్పిరిన్ వాడుతున్నారు కాబట్టి మలం తారులా నల్లగా వచ్చినా చెప్పాలి. ఆ మాత్ర ఖాళీ కడుపుతో వద్దు.

భవానీనగర్_అమ్మాయి · మర్నాడు, మధ్యాహ్నం 3:20

డాక్టరు గారితో మాట్లాడాను. రెండో మాత్ర 3 గంటలకు మార్చమన్నారు, తలనొప్పికి మొదటి వారం సగం మాత్రతో మొదలుపెట్టమన్నారు. ఇది మధ్యకు గీత ఉన్న మామూలు మాత్రే, విరవవచ్చట. నాన్న నోటు పుస్తకానికి టికెట్ల వేబిల్లులా గళ్లు గీసుకున్నారు. మొక్కు విషయం ఇంకా తేలలేదు. బస్సు అంటే "చూద్దాం" అన్నారు. మా ఇంట్లో "చూద్దాం" అంటే సగం ఒప్పుకున్నట్టే.

చంద్రగిరి_కోడలు · మర్నాడు, సాయంత్రం 4:10

సిస్టర్, విరవడం అంటే గుర్తొచ్చింది. మా అత్తగారికి యాంజైనాకు రానొలజిన్ అనే మాత్ర కూడా ఉంది. మాత్ర పెద్దదిగా ఉందని పొడి చేసి రాగి సంగటి ముద్దలో పెట్టి ఇస్తున్నాను. పర్వాలేదా?

నైట్‌డ్యూటీ_సిస్టర్ · మర్నాడు, సాయంత్రం 4:25

ఈ రాత్రి నుంచే ఆపండి. అది మెల్లగా విడుదలయ్యే రకం, పొడి చేస్తే గంటలపాటు అందాల్సిన మందు ఒకేసారి ఒంట్లోకి పోతుంది. మింగలేకపోతున్నారని డాక్టరుకు చెప్పండి. ఆమెకు షుగరు కాబట్టి షుగరు మాత్ర మెట్‌ఫార్మిన్ ఎంత వాడుతున్నారో కూడా చెప్పండి, రానొలజిన్ పెద్ద మోతాదులో ఉంటే మెట్‌ఫార్మిన్‌ను తగ్గించాల్సి రావచ్చు. మలబద్ధకం ఉందా? రానొలజిన్‌తో అది వస్తుంది. ముక్కడం గుండెకు శ్రమ. సంగటి పెట్టండి, ఆకుకూర పప్పుతో పెట్టండి, మాత్ర మాత్రం విడిగా నీళ్లతో ఇవ్వండి.